నక్షాలో వెదురు పొద

కాశీనగరం అమీను గారి సైకిలు వెనక
గొలుసు మోసుకుపోయినవాణ్ణి నేను.
నూరు లింకుల ఇనుము. ఎండలో భుజానికి వాత పెడుతుంది.
చదువు రాదు. కొలత తెలుసు.

అటు ఇన్నాసి, ఇటు తీతు.
నడుమ ఒక వెదురు పొద.

ఇన్నాసి గోడ మీద మరియమ్మ, నీలం ముసుగు, కింద దీపం మసి.
తీతు గోడ మీద ఒక వాక్యం రాసిన కేలండరు,
పాత సంవత్సరానిది.
ఇన్నాసి "సర్వేశ్వరుడున్నాడు" అంటాడు,
తీతు "యెహోవా చూసుకుంటాడు" అంటాడు.
దరఖాస్తులో ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు.
ఏ కరువులో ఏ దొర గంజి పోశాడో
దాన్నిబట్టి గుడి మారింది, అంతేనని
అమీను నాతో అన్నాడు,
గొంతు తగ్గించి, ఒడియాలో.

తగువు వెదురు కొమ్ముల దగ్గర మొదలు.
"పొద మా తాత నాటినాడు, కొమ్మూ మాదే."
"నా పెరట్లో మొలిసింది నా పులుసులోనే ఉడుకుద్ది."
మొదట మాటలు.
తరవాత ఒక కోడికి కాలు విరిగింది.
తరవాత, క్రిస్మసు నక్షత్రం కట్టడానికి
ఒక్క వెదురు కొట్టాడని తీతు మీద ఠాణాలో కాగితం.
ఆ ఏడు వాళ్ళ నక్షత్రం
నీలగిరి కర్ర మీద వంకరగా వెలిగింది.
బోరింగు మాత్రం ఒకటే.
రోసలికీ పెర్సిసమ్మకీ మాటల్లేవు,
ఒకామె కొడితే ఒకామె బిందె పట్టేది.

అమీను నక్షా పరిచాడు.
దివాణం నాటి గుడ్డ, మడతల దగ్గర చిరుగు.
హద్దు ఉండాల్సిన చోట గీత లేదు.
చిన్న చిన్న ఆకులు గీసి ఉన్నాయి.
పక్కనున్న రెండు మాటలూ పైకి చదివాడు:
వెదురు పొద.

అంటే పొదే హద్దు.

గొలుసు పరిచాను.
రాయి నుంచి పొదకి నక్షాలో నలభై లింకులు.
నేల మీద డెబ్బై ఒకటి.
మళ్ళీ పరిచాను. డెబ్బై ఒకటే.
అమీను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
ఎనభై ఏళ్ళుగా పొద నడుస్తోంది,
మట్టి కింద, ఏడాదికి నాలుగువేళ్ళ మేర,
తూర్పుకి, తీతు ఇంటివైపు.
ఆదివారాలు కూడా ఆగలేదు.

"ఐతే నా నేల పోనాదా?"
"ఐతే ఆడు తిన్న కొమ్ములకి లెక్కేటి?"
అమీను పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాడు.
పొద్దుగూకేసరికి పెన్సిలు సగమైంది.
మళ్ళీ వస్తాం అన్నాడు.
ఫీజు ఇద్దరి దగ్గరా తీసుకున్నాడు.

పర్లాకిమిడి కోర్టుకి నాలుగేళ్ళు తిరిగారు.
ఉన్నది ఒకటే బస్సు.
ఇన్నాసి డ్రైవరు వెనక, తీతు చిట్టచివర.

ఐదో ఏడు పొద పూసింది.

వెదురు పూత నా వయసులో అదొక్కసారే చూశాను.
గడ్డిపూతలాగే ఉంటుంది, రంగూ లేదు, వాసనా లేదు.
ఆకంతా రాల్చి, గింజ రాల్చి,
పొద మొత్తం నిలబడే చచ్చిపోయింది.
గింజ కోసం ఎలకలు దిగాయి.
మరియమ్మ దీపంలో వత్తి లాక్కుపోయాయి,
తీతు బైబిలు అట్ట కొరికాయి,
రెండిళ్ళ గాదెలూ తిన్నాయి.

వాయిదా మాత్రం ఉంది, వచ్చే నెల పదమూడున.
నక్షాలో ఆకులు
ఎవరో సిరాతో గీసినవి,
ఇంకా రాలలేదు.

నేను వెళ్ళిన పొద్దున
రోసలి అటునుంచి, పెర్సిసమ్మ ఇటునుంచి
చీపుళ్ళతో వెదురు బియ్యం ఊడుస్తున్నారు.
కుప్ప మధ్యలో, ఒకటే.
మగాళ్ళిద్దరూ ఎవరి అరుగు మీద వాళ్ళు,
మొహాలు చెరోవైపు.
"మళ్ళీ కొలవడానికొచ్చినావేటి?" అంది పెర్సిసమ్మ.
నా దగ్గర మానిక లేదు, గొలుసే ఉంది.
రోసలి చాట ఎత్తి
నా కండువాలో ఒక దోసెడు పోసింది.

ఆ రాత్రి మా ఆవిడ వండింది.
కాస్త వగరు. ఉడకడానికి చాలాసేపు పట్టింది.
మూడో ముద్దలో పంటి కింద రాయి.
వేలితో తీసి దీపం దగ్గర పెట్టి చూశాను.
ఎటువైపుదో తెలీలేదు.